రికార్డు గదిలో రబ్బరు మొక్క

తొమ్మిది ఆఫీసుల్లో ఆమెను మొక్కలక్క అనే పిలుస్తారు. అసలు పేరు అడిగితే ఆమె భర్త కూడా ఒక్క క్షణం తల గోక్కుంటాడు. సన్నటి ముక్కున్న నీళ్ళ డబ్బా, భుజానికో సంచి, సంచిలో కత్తెర, ఎరువు సీసా, ఆకుల మీది దుమ్ము తుడవడానికి మెత్తటి గుడ్డముక్కలు. ఇదీ ఆమె సరంజామా. ఆ గుడ్డలు ఎక్కడ దొరుకుతాయని ఓ మేనేజరు మాటవరసకి అడిగితే, "మా ఆయన పాత బనీన్లండీ, ఉతికినవే" అని అందరి ముందూ చెప్పేసి, ఆ తర్వాత వారం రోజులు ఆ గదికి మొహం చాటేసింది.

ఆమె పనిచేసే నర్సరీ ఆఫీసులకు కుండీ మొక్కలు అద్దెకిస్తుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు పోయాలి, తుడవాలి, ఎండిన ఆకు తుంచాలి. కుండీల్లోంచి ఆమె ఏరినవి అన్నీ ఇన్నీ కావు. గుండుసూదులు, నమిలి పడేసిన బబుల్‌గమ్, చింపేసిన మెమోలు. ఓసారి పై వరుస పళ్ళ సెట్టు దొరికింది. అమాయకంగా పైకెత్తి "ఇవెవరివండీ?" అంది. ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఒకాయన మాత్రం నోరు మూసుకుని నవ్వాడు. అర్థమయ్యాక ఆమే వాటిని కడిగి, గుడ్డలో చుట్టి, ఎవరూ చూడకుండా ఆయన సొరుగులో పెట్టి వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఒకటుంది. అది ఎవరికీ తెలియకూడదు. పైకి కనిపించే తెల్లటి పింగాణీ కుండీ లోపల నల్లటి ప్లాస్టిక్ కుండీ ఒకటి ఉంటుంది. మొక్క నిజంగా ఉండేది దాన్లోనే. వాడిపోతే ఆ నల్ల కుండీని ఎత్తేసి, అదే ఎత్తుది, అదే గుబురుది ఇంకోటి దించేస్తారు. నిమిషం పని. ఆదివారం పొద్దున, ఆఫీసులో కాపలావాడు తప్ప పురుగు కూడా లేనప్పుడు. "కస్టమరు కళ్ళముందు మొక్క చావకూడదు" అన్నది ఓనరమ్మ మొదటిరోజే చెప్పిన నీతి. సోమవారం వచ్చినవాళ్ళు పచ్చటి ఆకులు చూసి, "చూశావా, నా చేతి చలవ!" అంటారు. మొక్కలక్క "అవునండీ" అంటుంది. ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉంది. ఆమె భర్త నర్సరీ వ్యాను నడుపుతాడు. ఎత్తిన మొక్కలూ దించిన మొక్కలూ మోసేది ఆయనే. "మనిద్దరం కలిసి దొంగతనం చేస్తాం, కానీ ఏమీ తీసుకురాం" అని ఆయన జోకు.

వెలుతురు సంగతి మొక్కలక్కకి తెలిసినంతగా ఆ నర్సరీలో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు వాళ్ళుండేది ఓ వర్క్‌షాపు వెనక గది. ఎండ గుమ్మం దగ్గరికి వచ్చి, రెండు మెట్లెక్కి, వెళ్ళిపోయేది. వాళ్ళమ్మ నూనె డబ్బాకి అడుగున చిల్లులు పొడిచి పుదీనా వేసింది. ఆ ఎండతోపాటు డబ్బాని మెట్టు మీంచి మెట్టుకి జరపడం పిల్ల పని. బడికి ఆలస్యమై తిట్లు తిన్నా డబ్బా జరపకుండా కదిలేది కాదు.

అంత తెలిసిన మనిషి, కిటికీ లేని గదిలో రబ్బరు మొక్క పెట్టింది.

అది ఓ పెద్ద ఆఫీసులో మెట్ల కింద ఉన్న రికార్డు గది. ట్యూబులైటు, ఇనప బీరువాలు, కట్టలు కట్టిన ఫైళ్ళు, వాటి మధ్య రికార్డు సారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి ఒరిగి నడిచే మనిషి. గదికో మొక్క అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొక్కలక్క కుండీ తెచ్చి బల్ల మీద పెట్టబోతే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. నా చేతిలో ఏదీ నిలవదు."

"మొక్కే కదా సార్!"

"మొక్క కూడా ప్రాణమే కదమ్మా" అని, ఆయన ఫైలు దారం ముడి విప్పుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. పెళ్ళైన కొత్తలో ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు ఇరవై రోజులు, రెండోది నలభై. ఇద్దరూ ఆయన ఎత్తుకుని ఉండగానే. ఆ తర్వాత చిలకని పెంచారు, అదీ పోయింది. ఆఖరికి చేతికి గడియారం పెట్టుకున్నా ఆగిపోతుందట. మొక్కలక్క చూసింది. మణికట్టు ఖాళీగానే ఉంది.

ఆమెకి జాలేసింది. జాలేసినప్పుడు ఆమె నోరు ఆమె మాట వినదు. "ఇది నిలుస్తుంది సార్. నాదీ పూచీ" అంది.

నిలిచింది మరి! ఆరో వారంలో అడుగు ఆకు పసుపుపచ్చగా తిరిగి రాలబోయేది. ఆ ఆదివారం ఇంకోటి వచ్చి కూర్చునేది. రికార్డు సారు దాన్ని పసిపిల్లలా చూసుకున్నాడు. జేబురుమాలు తడిపి ఆకులు తుడిచేవాడు. ఉదయం నమస్తే చెప్పేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. స్కేలుతో ఆకుల్ని కొలిచి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు! ఎన్ని ఆకులు, ఏది ఎంత పొడుగు, ఏ ఆకుకి ఎక్కడ మచ్చ. ఆ పుస్తకం బల్లమీదే ఉండేది కాబట్టి సరిపోయింది. ఆదివారం పొద్దున మొక్కలక్క నేలమీద చతికిలబడి అందులో చూసి, మచ్చ ఉన్న చోట గోటితో మచ్చ పెట్టేది. కుండీ మోసుకొచ్చిన భర్త గుమ్మంలోంచి, "పెళ్ళికూతురిని ముస్తాబు చేస్తున్నావా?" అనేవాడు.

ఓసారి లెక్క తప్పింది. పదకొండు ఆకుల మొక్కకి బదులు పన్నెండు ఆకులది పెట్టేసింది. సోమవారం రికార్డు సారు ఆఫీసంతా తిరిగి చాక్లెట్లు పంచాడు. ఒక్క రాత్రిలో జానెడు ఆకు వేసిందని! మొక్కలక్క కూడా ఓ చాక్లెట్ తీసుకుంది. విప్పకుండానే సంచిలో వేసుకుంది.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ముప్ఫైమూడు మొక్కలు వచ్చి వెళ్ళాయి. ముప్ఫైనాలుగోది బల్లమీద ఉండగా ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. ఓ మధ్యాహ్నం ఆమె ఆకులు తుడుస్తుంటే, "కాస్త కూర్చుంటావామ్మా" అన్నాడు.

ఆయన భార్యకి అయిదేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. ఆమె చెల్లెలు తీసుకెళ్ళి తన దగ్గర ఉంచుకుంది. పంపించింది ఆయనే. తన చేతిలో ఉంటే ఆమె కూడా పోతుందని భయం. ప్రతి ఆదివారం వెళ్ళి మంచానికి బారెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని వస్తాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా తన చేత్తో ఇవ్వడు.

"ఇంటికి తీసుకెళ్ళమని అడుగుతోంది" అన్నాడు. "నాకూ తెచ్చుకోవాలనే ఉంది. నాలుగేళ్ళు దీన్ని నిలబెట్టాను కదా, నా చెయ్యి మారిందేమో అనిపిస్తోంది. చూసింది నువ్వొక్కదానివే. నువ్వు చెప్పు. తీసుకురానా?"

చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. ముప్ఫైనాలుగు మొక్కలు సార్ అంటే అయిపోయేది. ఆయన మొహంలోకి చూసింది. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడి మొహం.

"తీసుకురండి సార్" అంది.

ఇంటికెళ్ళాక భర్తకి చెప్పింది. ఆయన కంచం ముందు చెయ్యి ఆపి, మొదటిసారి జోకు వెయ్యలేదు. "మొక్కని మార్చావు సరే. రేపు ఆవిడకి ఏమైనా అయితే ఎవర్ని తెచ్చి పెడతావే?"

"రేపు చెప్పేస్తాను."

ఆ రేపు రాలేదు. సోమవారం చెబుదామనుకుంది, గదిలో ఎవరో ఉన్నారు. గురువారం ఆయన సెలవు. ఆ తర్వాత వీడ్కోలు సభ. ఆఫీసు వాళ్ళు ఓనరమ్మతో మాట్లాడి, ఆ రబ్బరు మొక్కనే ఆయనకి బహుమతిగా ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొక్కలక్క కూడా కొట్టింది.

రెండు నెలలు పోయాక చూసివద్దామని వాళ్ళింటికి వెళ్ళింది. రెండు గదులు. ముందు గదిలో మంచం, మంచం పక్కన కిటికీ, కిటికీలో రబ్బరు మొక్క. పొద్దుటి ఎండ నేరుగా దానిమీద పడుతోంది. కొస దగ్గర ఎర్రటి ఆకుమొగ్గ విప్పుకుంటోంది. ఈసారి ఎవరూ తెచ్చి పెట్టనిది.

సారు భార్య ఎడమచేత్తో ఆమెను దగ్గరికి పిలిచింది. మాట ఒక పక్కనుంచే వస్తోంది గానీ మాటకారితనం ఎక్కడికీ పోలేదు. "నువ్వేనా ఆ మొక్కల చెల్లివి? ఈయన నన్ను కూడా కొలుస్తున్నారు తెలుసా? పొద్దునా సాయంత్రం వేళ్ళు ఎంత ఎత్తు లేస్తున్నాయో స్కేలు పెట్టి చూస్తారు. ఆకులొస్తాయేమో నాకు!"

"ఊరుకోవే" అని ఆయన సిగ్గుపడుతూ గ్లాసు ఆమె నోటికి అందించాడు. నీళ్ళు కొన్ని ఆమె గడ్డం మీద కారాయి. "చూశావా, నాకూ పోస్తున్నారు నీళ్ళు. అడుగున చిల్లు ఒక్కటే తక్కువ" అందామె. ముగ్గురూ నవ్వారు. మొక్కలక్క నిజం కూడా చెప్పేద్దామనే వెళ్ళింది. ఆ నవ్వు మధ్య ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మొక్కకి నీళ్ళు ఎలా పొయ్యాలో చెప్పి వచ్చేసింది.

ఇంటికొచ్చిన ఆరో నెలలో ఆవిడకి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఓ ఉదయం ఆయన ఒళ్ళో తల పెట్టుకునే పోయింది.

తర్వాత పదిహేను రోజులకి రికార్డు సారు నర్సరీకి వచ్చాడు. చంకలో కుండీ. నీడ కోసం కట్టిన పచ్చటి వల కింద మట్టి కలుపుతున్న మొక్కలక్క చేతులు దులుపుకుని లేచింది.

"దీన్ని తీసేసుకో అమ్మా" అన్నాడు. "ఇది కూడా పోయేలోపు."

"సార్..."

"మా మరదలు నలుగురిలో అంది. 'నా దగ్గర అయిదేళ్ళు ఉంది బావా, నీ చేతిలో పడ్డాక ఆర్నెల్లు' అని. అబద్ధమేముంది? నాలుగేళ్ళు ఈ మొక్క నన్ను మోసం చేసింది. నా చెయ్యి మారిందనుకున్నాను."

మోసం చేసింది మొక్క కాదని చెప్పాల్సినవాళ్ళు అక్కడ ఒక్కరే ఉన్నారు. ఆమె మట్టి చేతులతోనే మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. నల్ల కుండీ, ఆదివారాలు, నోటుపుస్తకం, గోటి మచ్చలు, పన్నెండో ఆకు.

"ఎన్ని?"

"ముప్ఫైనాలుగు సార్. ఇది ఆఖరిది. దీన్ని మాత్రం నేను ముట్టుకోలేదు. మీరే పెంచారు."

"మిగతా ముప్ఫైమూడూ నా చేతిలో చచ్చాయి."

"మీ చేతిలో కాదు సార్! ఆ గదిలో. అక్కడ వెలుతురు లేదు. ఎవరు పెంచినా అంతే. తెలిసీ నేనే పెట్టాను. చావలేదు కూడా, చాలావరకు ఇక్కడికొచ్చి తేరుకున్నాయి."

ఆయన వరసల్లో ఉన్న రబ్బరు మొక్కల వైపు చూశాడు. వందల కొద్దీ ఒకేలా ఉన్నాయి. "ఇందులో నావేవి?"

"తెలీదు సార్."

"ఆ రోజు నువ్వు ఈ మాట చెప్పి ఉంటే ఆమెను తెచ్చుకునేవాణ్ణి కాదు" అన్నాడు. కోపంగా కాదు, పాత ఫైల్లో ఏదో కాగితం వెతుకుతున్నవాడిలా. "బతికి ఉండేదేమో. ఆ ఆర్నెల్లు మాత్రం నాకు ఉండేవి కావు." కుండీ నేలమీద పెట్టి గేటు వైపు నడిచాడు. ఆమె భర్త పరిగెత్తి వ్యానులో ఎక్కించుకుని దింపి వచ్చాడు.

"ఏమన్నారు?" అని అడిగింది.

"దిగేటప్పుడు ఒక్కటే అడిగాడు. 'తప్పు గదిదేనని మీ ఆవిడ అంది కదా, అది నిజమా, లేక అదీ మార్చిపెట్టిన మొక్కేనా?' అని."

"నువ్వేం చెప్పావు?"

"నిజమేనన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతాడే?"

మొక్కలక్క ఆ రాత్రి అన్నం తినలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చెప్పిన మాటలన్నీ అందరూ నమ్మారు, ఒక్క నిజమైన మాట తప్ప.

మర్నాడు నర్సరీలోకెల్లా గట్టి రబ్బరు మొక్కని ఎంచి, రికార్డు గదికి మోసుకెళ్ళింది. సారు స్థానంలో ఎవర్నీ వెయ్యలేదు. గది ఖాళీగా ఉంది. అదే బల్లమీద, అదే చోట పెట్టింది. కాపలావాడిని బతిమాలింది. పదింటికి ట్యూబులైటు వెయ్యాలి, అయిదింటికి తియ్యాలి.

"మనిషే లేడు, లైటెందుకక్కా?"

"మొక్కకి."

"ఫైళ్ళు చదువుతుందా?"

"నీకంటే బాగా చదువుతుంది. వెయ్యి."

రోజూ పని అయ్యాక అక్కడికి వెళ్ళేది. రికార్డు సారు ఎలా పోసేవాడో అలాగే నీళ్ళు పోసింది. రుమాలు తడిపి ఆకులు తుడిచింది. ఎవరూ లేకుండా చూసి నమస్తే కూడా చెప్పింది. మొక్కని చావడానికి పెట్టినమాట నిజమే. కానీ తన చేత్తో చంపకూడదు, బతికించడానికి చెయ్యాల్సినవన్నీ చెయ్యాలి. అలా చేస్తేనే అది రుజువు. నాలుగో వారంలో అడుగు ఆకు పసుపుపచ్చగా తిరిగి రాలింది. ఆరో వారానికి మూడు రాలాయి.

ఆ ఆదివారం వ్యానులో వేరే ఆఫీసుకని తెచ్చిన రబ్బరు మొక్క ఒకటి మిగిలింది. ఆమె దాన్ని చంకనేసుకుని మెట్ల కిందికి వెళ్ళింది. బల్లముందు నిలబడింది. చేతులకి అలవాటైన పని. వేళ్ళు నల్ల కుండీ అంచు మీదికి వాటంతట అవే వెళ్ళాయి. ఈ ప్రాణికి మాత్రం ఏం పాపమని ఏడుపొచ్చింది. చాలాసేపటికి పైకి వచ్చింది. చంకలో మొక్క పచ్చగానే ఉంది. భర్త చూసి వ్యాను స్టార్టు చేశాడు.

పదో వారానికి మోడు మిగిలింది.

దాన్ని వ్యానులో తీసుకెళతానన్నాడు భర్త. ఆమె ఒప్పుకోలేదు. ఎర్రటి ఎండలో, బస్సులో, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొమ్మిది ఆఫీసుల్లో ఒక ఆఫీసు వాళ్ళు ఇద్దరు అదే బస్సులో ఉన్నారు. "అదేంటి మొక్కలక్కా, చచ్చిపోయింది!" అని ఒకామె గట్టిగా అంది. బస్సులో అందరూ తలలు తిప్పారు. ఎప్పుడూ ఎవరి కంటా పడనివ్వని సరుకు ఆమె ఒళ్ళో ఉంది. చెవులు కాలిపోయాయి. "అవునమ్మా, చచ్చిపోయింది. నా చేతిలోనే" అంది.

రికార్డు సారు తలుపు తీశాడు. గడ్డం పెరిగింది. వెనక మంచం మీద పరుపు చుట్టి ఉంది. కిటికీ మూసి ఉంది.

ఆమె మోడుని గుమ్మంలో పెట్టింది. "రికార్డు గదిలో పెట్టాను సార్. అదే బల్ల, అదే లైటు. పది వారాలు నేనే చూసుకున్నాను. ఒక్కరోజు కూడా మానలేదు. మార్చలేదు. కావాలంటే కాపలావాణ్ణి అడగండి. మీ చేతిలో మొదటి ఆకు ఆరు వారాలకి రాలేది. నా చేతిలో నాలుగు వారాలకే రాలింది."

ఆయన మెల్లగా గుమ్మంలో కూర్చున్నాడు. ఎండిన కాండాన్ని కింద నుంచి పైదాకా వేలితో తడిమాడు. ఆకులు రాలిన గుర్తులు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత మట్టిలోకి వేలు గుచ్చాడు. తీసి, బొటనవేలితో నలిపి చూశాడు.

"నీళ్ళు ఎక్కువ పోశావమ్మా" అన్నాడు.

"భయంతో సార్. ఏమైపోతుందోనని."

"అవును" అన్నాడాయన. "భయంతో ఎక్కువే పోస్తాం."

ఆ మాట పూర్తిచెయ్యలేక మొహం మోకాళ్ళలో దాచుకుని, ముసలి భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. మొక్కలక్క ఊరుకోమనలేదు. ఆయన పక్కనే, మోడుకి ఇవతల, గుమ్మంలో కూర్చుండిపోయింది.